పనిలో మునిగిన మనసు

చేస్తున్న పనిలో మనిషి పూర్తిగా లీనమైపోయి, చుట్టూ ఏం జరుగుతోందో, ఎంతసేపు గడిచిందో పట్టని స్థితిని మనోవిజ్ఞానంలో ఫ్లో అంటారు. ఈ స్థితిలో ఉన్నవారికి తర్వాత ఏం చేయాలన్న తడబాటు ఉండదు. ఆలోచన, చేత ఒకటిగా సాగుతాయి. పని అదుపులోనే ఉందన్న ధీమా ఉంటుంది. ‘ఎలా చేస్తున్నాను, చూసేవాళ్లు ఏమనుకుంటారు’ అన్న గుంజాటన సద్దుమణుగుతుంది. గంటలు నిమిషాల్లా గడిచిపోతాయి. నర్తకులకు, క్రీడాకారులకు ఒక్కోసారి దీనికి విరుద్ధంగా ఒక్క క్షణమే ఎంతో సేపు సాగినట్టు అనిపిస్తుంది. ఆ పని వల్ల వచ్చే డబ్బో పేరో అప్పటికి గుర్తుండదు. చేయడమే చాలుననిపిస్తుంది.

దీన్ని విశ్రాంతిగానో హాయిగానో పొరబడకూడదు. కొండరాళ్లు ఎక్కేవారి కండరాలు నొప్పితో వణుకుతుంటాయి. శస్త్రచికిత్స చేసే వైద్యుడు కొన్ని గంటలపాటు నడుం వాల్చడు. పని సాగుతున్నంతసేపూ వారికి సంతోషం మీద ధ్యాసే ఉండదు. ముగించి వెనక్కి చూసుకున్నాకే ఎంత బాగా గడిచిందో తెలుస్తుంది.

ఈ అనుభవాన్ని శాస్త్రీయంగా పట్టుకున్నవారు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి. ఆయన 1934లో, అప్పట్లో ఇటలీలో భాగంగా ఉన్న ఫియూమె నగరంలో (ఇప్పటి క్రొయేషియాలోని రియేకా) ఒక హంగేరియన్ కుటుంబంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆయన ఎరిగిన పెద్దల్లో చాలామంది ఉద్యోగం, ఇల్లు, హోదా పోగొట్టుకుని మానసికంగా కూలిపోయారు. కొద్దిమంది మాత్రం అన్నీ పోయినా నిలబడ్డారు. ఆ తేడా ఎక్కడిదన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. స్విట్జర్లాండ్‌లో ఉన్నప్పుడు, సినిమాకు డబ్బుల్లేక ఉచితంగా జరుగుతున్న ఒక ఉపన్యాసానికి వెళ్లారు. వక్త కార్ల్ యుంగ్. మనోవిజ్ఞానం అనే రంగం ఉందని అలా తెలుసుకున్న యువకుడు 22 ఏళ్ల వయసులో అమెరికా చేరి షికాగో విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు.

1960లలో ఆయన, గురువు జేకబ్ గెట్జెల్స్‌తో కలిసి షికాగోలోని చిత్రకళా విద్యార్థులను పరిశీలించారు. బొమ్మ కుదురుతున్న కొద్దీ ఆ విద్యార్థులకు ఆకలి, అలసట పట్టేవి కావు. తీరా బొమ్మ పూర్తయ్యాక దాన్ని ఒక పక్కన పెట్టేసి కొత్త కాన్వాసు అందుకునేవారు. అమ్ముకుందామన్న ఆత్రం గాని, పదిమందికీ చూపిద్దామన్న తొందర గాని కనిపించేది కాదు. బహుమతి, శిక్షలే ప్రవర్తనను నడిపిస్తాయని నమ్మే ప్రవర్తనవాదం ఆనాడు గట్టిగా వేళ్లూనుకుని ఉంది. బొమ్మే బహుమతి అయితే అది చేతికందగానే దానిమీద ఆసక్తి పోవడమేమిటి? బహుమతి బొమ్మలో కాక బొమ్మ గీయడంలో ఉందన్నదే సరిపోయే సమాధానం.

ఈ ఊహను పరీక్షించడానికి చిక్‌సెంట్‌మిహాయి చదరంగం ఆటగాళ్లను, కొండలెక్కేవారిని, నర్తకులను, స్వరకర్తలను, శస్త్రవైద్యులను ఇంటర్వ్యూ చేశారు. పనులు వేరు, చదువులు వేరు, వయసులు వేరు. వర్ణన మాత్రం దాదాపు ఒకటే. ఏదో ప్రవాహం తమను మోసుకుపోతున్నట్టుగా ఉంటుందని పలువురు అనడంతో ఆ పేరే స్థిరపడింది. 1975లో వచ్చిన బియాండ్ బోర్‌డమ్ అండ్ యాంగ్జైటీ ఈ పరిశోధనకు తొలి గ్రంథం. 1990 నాటి ఫ్లో సామాన్య పాఠకులకు చేరింది. 2021లో ఆయన మరణించేనాటికి క్రీడలు, విద్య, సంగీతం, వీడియో గేముల రూపకల్పన వంటి రంగాలన్నిటిలోనూ ఈ భావన వేళ్లూనింది.

జ్ఞాపకం మీద ఆధారపడే ఇంటర్వ్యూలకు ఒక లోపం ఉంది. మనిషి గతాన్ని కొంత తీర్చిదిద్దుకునే చెబుతాడు. అందువల్ల 1970లలో చిక్‌సెంట్‌మిహాయి, రీడ్ లార్సన్ తదితరులు అనుభవాన్ని అది జరుగుతుండగానే పట్టే పద్ధతిని రూపొందించారు. పాల్గొనేవారి దగ్గర ఒక పేజరు ఉంటుంది. వారం రోజులపాటు రోజుకు ఏడెనిమిది సార్లు, ఎప్పుడన్నది ముందుగా తెలియకుండా, అది మోగుతుంది. మోగిన వెంటనే ఏం చేస్తున్నారో, ఎంత కష్టంగా ఉందో, ఎంత నేర్పు అవసరమవుతోందో, మనసెలా ఉందో చిన్న పుస్తకంలో గుర్తించాలి. ఇప్పుడు ఆ పని ఫోన్లే చేస్తున్నాయి. 2010లో హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ ద్వారా ఇలాగే పలకరిస్తే, 46.9 శాతం సందర్భాల్లో వారి మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు అలా తిరుగుతున్నప్పుడు వారు తక్కువ సంతోషంగా ఉన్నారు. ఫ్లో ఎందుకంత విలువైనదిగా తోస్తుందో ఈ అంకెను బట్టి అర్థమవుతుంది.

పేజరు పద్ధతి బయటపెట్టిన వాటిలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది 1989 నాటి ఫలితం. చిక్‌సెంట్‌మిహాయి, జుడిత్ లెఫెవర్ ఉద్యోగాలు చేసే 78 మందిని వారంపాటు పరిశీలించారు. సవాలు, నేర్పు రెండూ ఎక్కువగా ఉన్న క్షణాలు ఉద్యోగ సమయంలో సగానికి పైగా ఉంటే, తీరిక వేళల్లో అయిదో వంతు కూడా లేవు. అయినా ‘ఇప్పుడు ఇంకేదైనా చేస్తుంటే బాగుండును’ అన్న కోరిక పనిచేస్తున్నప్పుడే ఎక్కువగా వ్యక్తమైంది. టీవీ ముందు నిస్తేజంగా కూర్చున్న మనిషి అక్కడే ఉండాలనుకుంటున్నాడు. చురుగ్గా, నిండుగా పనిచేస్తున్న మనిషి అక్కడి నుంచి లేచి పోవాలనుకుంటున్నాడు. పని తనమీద రుద్దినదన్న భావనే దీనికి కారణమని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అనుభవం ఎలా ఉందన్నది ఒకటి, దానికి తగిలించుకున్న పేరు మరొకటి. మనిషి తరచూ పేరునే నమ్ముతాడని ఈ ఫలితం సూచిస్తోంది.

ఫ్లో కుదరడానికి మూడు పరిస్థితులు కావాలి. ఏం చేయాలన్నది అడుగడుగునా స్పష్టంగా ఉండాలి. చేసినది సరిగా వచ్చిందో లేదో వెంటనే తెలియాలి. పని కష్టం, చేసేవారి నేర్పు ఒకదానికొకటి సరితూగాలి. మూడింటిలో చివరిదాని గురించే ఎక్కువ చర్చ జరిగింది. కష్టం నేర్పును మించితే ఆందోళన, నేర్పు కష్టాన్ని మించితే విసుగు. రెండూ సమానమైతే చాలునన్నది తొలినాటి ఊహ. కానీ పేజరు లెక్కలు దాన్ని బలపరచలేదు. బొత్తిగా నేర్పు అక్కర్లేని సులువైన పనిలోనూ రెండూ సమానమే, అయినా అక్కడ కనిపించింది నిర్లిప్తత. ఇటలీలోని మిలాన్‌కు చెందిన ఫౌస్తో మాస్సిమీని, మాస్సిమో కార్లీ 1980లలో సూత్రాన్ని సవరించారు. సవాలు, నేర్పు సమానంగా ఉంటే సరిపోదు, ఆ వ్యక్తి రోజువారీ సగటు కన్నా రెండూ ఎక్కువగా ఉండాలి. పైగా ఈ కొలత ఎవరిది వారిదే. కొత్తగా వీణ పట్టిన పిల్లకు సరళీ వరుసలు రెండో కాలంలో వాయించడం ఎంత సవాలో, విద్వాంసురాలికి రాగం తానం పల్లవి అంత సవాలు. అంటే ఫ్లో ప్రతిభావంతుల సొత్తు కాదు. నేర్చుకునే వారెవరికైనా వారి మెట్టు మీదే అది దొరుకుతుంది.

మొదటి రెండు పరిస్థితులకు దక్కాల్సినంత శ్రద్ధ దక్కలేదు. కొండ ఎక్కేవాడికి చెయ్యి పెట్టిన పట్టు నిలిచిందో లేదో తక్షణమే తెలుస్తుంది. శస్త్రవైద్యుడికి కోత ఎలా పడిందో కళ్లెదుటే కనిపిస్తుంది. చదరంగంలో ఎత్తు వేసిన కాసేపటికే ప్రత్యర్థి జవాబు వస్తుంది. కార్యాలయపు పనిలో చాలావరకు ఇవేవీ ఉండవు. నివేదిక రాసినవారికి అది బాగుందో లేదో నెల తర్వాత తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియదు. అలాంటి పనిలో మనసు నిలవకపోతే తప్పు ఏకాగ్రతది కాదు, పని అమరికది. లోపాన్ని మనిషిలో వెతికే అలవాటు వల్ల ఈ సంగతి మరుగున పడుతోంది.

ఇక మెదడులో ఏం జరుగుతోందన్న ప్రశ్న. ప్రచారంలో ఉన్న వివరణలకు, ప్రయోగశాలలు నిజంగా చూపిన దానికి మధ్య దూరం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. 2003లో ఆర్నె డీట్రిక్ ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ప్రణాళికలు వేస్తుంది, మనిషి చేతలను పర్యవేక్షిస్తుంది, తప్పొప్పులు ఎంచుతుంది. బాగా అలవాటైన నైపుణ్యానికి ఆ పర్యవేక్షణ అక్కర్లేదు. ఆ భాగం తాత్కాలికంగా నెమ్మదిస్తే ‘నేను’ అన్న స్పృహ, కాలం లెక్క వెనక్కి తగ్గుతాయన్నది ఆయన వాదన. 2008లో చార్ల్స్ లింబ్, ఆలెన్ బ్రాన్ ఆరుగురు జాజ్ పియానో కళాకారులను స్కానర్‌లో పడుకోబెట్టి, అయస్కాంత క్షేత్రంలో పనిచేసే ప్రత్యేక కీబోర్డు మీద అప్పటికప్పుడు కల్పించి వాయించమన్నారు. కంఠస్థమైన సంగీతం వాయించినప్పటితో పోలిస్తే, చేతలను గమనిస్తూ నియంత్రించే పక్క ప్రీఫ్రంటల్ ప్రాంతాల్లో చలనం తగ్గింది. మధ్య ప్రీఫ్రంటల్ ప్రాంతంలో మాత్రం పెరిగింది.

2014లో జర్మనీ పరిశోధకుల ప్రయోగం మరో దారి పట్టింది. మార్టిన్ ఉల్రిచ్ బృందం మనోగణితం లెక్కలిచ్చింది. ఒకసారి మరీ తేలికవి, ఒకసారి మోయలేనంత కష్టమైనవి, మరోసారి ఆ వ్యక్తి శక్తికి తగ్గట్టు కంప్యూటరే సర్దుకుంటూ పోయేవి. తగిన కష్టం ఉన్నప్పుడు మధ్య ప్రీఫ్రంటల్ ప్రాంతంలో, భయానికి స్పందించే అమిగ్డలాలో చలనం తగ్గింది. జాజ్ ప్రయోగంలో పెరిగిన ప్రాంతమే లెక్కల ప్రయోగంలో తగ్గిందన్నమాట. ఇందులో వైరుధ్యం కన్నా పనుల మధ్య ఉన్న భేదమే ఎక్కువ. స్వరకల్పనలో కళాకారుడు లోపలి నుంచి ఏదో వెలికి తీస్తాడు. కూడికలో ఆ అవసరం లేదు. పైగా లింబ్ బృందం కొలిచింది స్వరకల్పనను, ఫ్లోను నేరుగా కాదు. 2024లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 మంది జాజ్ గిటారిస్టుల మెదడు తరంగాలను నమోదు చేస్తూ, ప్రతి వాయింపు తర్వాత వారు ఎంత లీనమయ్యారో అడిగారు. అనుభవజ్ఞుల్లో ఫ్లో ఎక్కువగా ఉన్నప్పుడు ముందు మెదడు ప్రాంతాల చలనం తగ్గింది. కొత్తవారిలో అలాంటి మార్పు పెద్దగా కనిపించలేదు. నైపుణ్యం ముందు కుదురుకోవాలి, తర్వాతే పట్టు సడలించడం పనికొస్తుందన్న భావనకు ఇది బలమిచ్చింది.

రసాయనాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్లోలో డోపమిన్, సెరటోనిన్, ఎండార్ఫిన్ వంటివన్నీ ఒక్కసారిగా ఉప్పొంగుతాయని అనేక పుస్తకాలు రాస్తాయి. అవన్నీ ఫ్లో సాగుతుండగా మనుషుల్లో కొలిచి చెప్పిన సంగతులు కావు. 2013లో స్వీడన్ పరిశోధకులు చూపింది ఇంతకన్నా చిన్న విషయం. తరచూ ఫ్లో అనుభవించేవారి మెదడులోని స్ట్రయేటమ్‌లో ఒక రకం డోపమిన్ గ్రాహకాలు ఎక్కువగా అందుబాటులో ఉన్నాయి. ఇది స్వభావంలోని తేడాకు సంబంధించినది. ఆ క్షణంలో జరిగే ఉప్పెనకు రుజువు కాదు.

ఫ్లో పనితనాన్ని పెంచుతుందా? పెంచుతుందనే చాలామంది నమ్మకం. ఫ్లోలో ఉత్పాదకత అయిదు రెట్లవుతుందన్న మాట వ్యాపార పుస్తకాల్లో తిరుగుతోంది. దానికి మూలం ఉన్నతోద్యోగులు తమ గురించి తాము వేసుకున్న అంచనా. ఎవరో పక్కన కూర్చుని కొలిచిన లెక్క కాదది. క్రీడలు, ఆటల మీద జరిగిన అధ్యయనాలను కలిపి డేవిడ్ హ్యారిస్ బృందం విశ్లేషించగా ఫ్లోకూ పనితనానికీ మధ్య సహసంబంధం సుమారు 0.31 అని తేలింది. ఓ మోస్తరు సంబంధమే, ఉపేక్షించదగ్గది కాదు. కానీ ఫ్లో వల్ల ఆట బాగుపడిందా, ఆట బాగా సాగడం వల్ల ఫ్లో కలిగిందా అన్నది ఈ అంకె చెప్పదు. బహుశా రెండూ ఒకదాన్నొకటి లాగుతూ పోతాయి.

సొంత పర్యవేక్షణ అతిగా ఉంటే పని చెడుతుందన్నదానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. షాన్ బైలాక్, టామస్ కార్ 2000ల ఆరంభంలో గోల్ఫ్ ఆటగాళ్లతో ప్రయోగాలు చేశారు. బంతిని కొట్టే తీరును అడుగడుగునా గమనించుకోమంటే అనుభవజ్ఞుల గురి చెడింది. వేరే శబ్దాలను వింటూ కొట్టమంటే వారి ఆట దెబ్బతినలేదు. కొత్తవారిలో దీనికి తారుమారు ఫలితం వచ్చింది, వారికి తమ కదలికలను గమనించుకోవడమే మేలు చేసింది. పరీక్ష హాల్లో, వేదిక మీద బాగా వచ్చిన విద్య తడబడటం వెనక ఇదే యంత్రాంగం ఒక కారణం. చెయ్యి తెలిసి చేసే పనిలోకి మనసు పెత్తనానికి దిగుతుంది.

ఫ్లోను కావాలనుకున్నప్పుడు రప్పించే మీట ఏదీ లేదు. రానివ్వని వాటిని తొలగించవచ్చు, పనిని దానికి అనువుగా మలచవచ్చు. తొలగించాల్సిన వాటిలో మొదటిది అంతరాయం. 2009లో సోఫీ లెరాయ్ చూపినట్టు, ఒక పని మధ్యలో వదిలి మరోదానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే మిగిలిపోతుంది. ఆ శేషం కొత్త పనిని కుంటుపరుస్తుంది. గ్లోరియా మార్క్ బృందం 2008లో గమనించినది ఇంకా విచిత్రం. అంతరాయాలకు గురైనవారు పనిని త్వరగానే ముగించారు, కానీ ఎక్కువ ఒత్తిడి, చికాకు, శ్రమ మూటగట్టుకున్నారు. నష్టం గడియారంలో కనిపించకపోవచ్చు, మనిషిలో కనిపిస్తుంది. పక్కన ఫోను ఉన్నా చాలు బుద్ధి మందగిస్తుందన్న 2017 నాటి అమెరికా అధ్యయనం బాగా ప్రచారం పొందింది. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దాన్ని బలపరచలేదు. మోగే ఫోను చేసే హాని విషయంలో మాత్రం సందేహం లేదు.

ఏకకాలంలో అనేక పనులు చేయగలమన్న నమ్మకానికి అష్టావధానాన్ని ఉదాహరణగా చూపేవారున్నారు. నిజానికి అది చూపేది మరొకటి. అవధాని ఎనిమిది పనులూ ఒకే క్షణంలో చేయడు. ఒక పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యకో దత్తపదికో ఒక పాదం చెప్పి, తర్వాతి వారి వైపు తిరుగుతాడు. నాలుగు ఆవృత్తాలయ్యాక పద్యాలన్నీ ధారణలోంచి అప్పజెబుతాడు. ఒక్కో పాదం దగ్గర మనసు మొత్తం అక్కడే ఉంటుంది. దాన్ని చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడుంటాడు, గంటలు లెక్కపెట్టమనే మరో అంశం కూడా ఉంటుంది. లెరాయ్ చెప్పిన శేషం అనే సమస్యను మన కవులు విద్యగా సాధన చేసి జయించారనవచ్చు. ఛందస్సు స్పష్టమైన నియమాన్నిస్తుంది, సభ తక్షణం స్పందిస్తుంది, పృచ్ఛకుల గడుసుతనం సవాలును అవధాని స్థాయికి తెస్తుంది. ఫ్లోకు కావలసిన సరంజామా అంతా ఆ వేదిక మీదే సమకూరి ఉంది. అయితే దాని వెనక కొన్నేళ్ల సాధన ఉంది. ఆ సాధన లేనివారు అన్ని పనుల మధ్య తిరిగితే మిగిలేది అలసటే.

పనిని మలచడమంటే దాని లక్ష్యాన్ని చిన్నదిగా, కంటికి కనిపించేదిగా చేసుకోవడం. ‘ఈ పూట భౌతికశాస్త్రం చదవాలి’ అన్నది లక్ష్యం కాదు, ఎప్పుడు ముగిసిందో దానికే తెలియదు. ‘భ్రమణ చలనం మీద పది లెక్కలు చేసి జవాబులు సరిచూడాలి’ అన్నది లక్ష్యం. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ తప్పిందో అదే చెబుతుంది. విసుగొస్తే కష్టం పెంచాలి: గడువు తగ్గించడం, పుస్తకం మూసి చేయడం వంటివి. బెదురు పుడితే పనిని ముక్కలు చేయాలి. ఇక నిద్ర. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్ బృందం కొందరిని 14 రోజులపాటు ఆరు గంటలో, అంతకన్నా తక్కువో నిద్రపోనిచ్చింది. వారి చురుకుదనం ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి దిగజారింది. అంతగా దిగజారినా తమకు పెద్దగా మగత ఉన్నట్టు వారికి అనిపించలేదు. రాత్రులు తగ్గించుకుని చదివే విద్యార్థులకు, షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగులకు ఇంతకన్నా ముఖ్యమైన పరిశోధన ఫలితం మరొకటి లేదనాలి, ఎందుకంటే తగ్గిన శక్తిని కొలిచే బుద్ధి కూడా దానితోపాటే తగ్గుతుంది.

ఫ్లో, నైపుణ్యం పెరగడం ఒకటి కావు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ తదితరులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఎదుగుదలకు తోడ్పడే సాధన అంత ఆహ్లాదకరంగా ఉండదని, దానికి గట్టి ప్రయత్నం కావాలని గుర్తించారు. రాని చోటే ఆగి, తప్పును పదేపదే సరిదిద్దుకోవడంలో లయ తెగిపోతూనే ఉంటుంది. చదువులోనూ అంతే. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవారు వారిని దాటిపోయారు. సాఫీగా సాగిన చదువే బాగా పట్టుబడిందన్న భ్రమ కలుగుతుంది. సాధనలో తడబాటును ఓర్చుకోవాలి, ప్రదర్శనలో దాన్ని మరవాలి. చాలామంది కళాకారులు రెండింటికీ వేర్వేరు వేళలు కేటాయించుకునేది అందుకే.

ఫ్లో దానికదే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఈ సంగతి చిక్‌సెంట్‌మిహాయి కూడా చెప్పారు. మానవ శాస్త్రవేత్త నతాషా డౌ షూల్ లాస్ వేగస్ జూదశాలల్లో ఏళ్ల తరబడి పరిశోధించి 2012లో అడిక్షన్ బై డిజైన్ అనే పుస్తకం ప్రచురించారు. స్లాట్ మెషీన్ల ముందు గంటలకొద్దీ కూర్చునేవారు కాలాన్ని, ఒంటిని, అప్పులను మరిచిపోయే స్థితిని వర్ణించారు. లక్ష్యం స్పష్టం, ఫలితం క్షణాల్లో తెలుస్తుంది, అడ్డుపడేదేదీ ఉండదు. వారిలో కొందరు గెలవడానికి కాక ఆ స్థితిలో ఉండిపోవడానికే ఆడుతున్నామన్నారు. ఆ యంత్రంలో లేనిది ఒక్కటే, నేర్పుకు చోటు. వెయ్యోసారి మీట నొక్కినవారికి మొదటిసారి నొక్కినవారికన్నా ఎక్కువేమీ రాదు. చదరంగంలో, సంగీతంలో, పద్యవిద్యలో నిన్న లీనం చేసిన కష్టం ఇవాళ చాలదు. అదే స్థితి మళ్లీ కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాల్సిందే.